గోడ మీది పాత తుపాకీ నకలుకు ధర కట్టడం ఎలా

పర్లాకిమిడి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చంకలో పాత దుప్పటి చుట్ట. విప్పితే లోపల నాలుగున్నర అడుగుల తుపాకీ. నాది పాత చెక్క సామాను బాగుచేసి పాలిష్ పెట్టే పని. బరంపురంలో ఈ పని చేసేవాళ్ల దగ్గరికి ఇలాంటివి అప్పుడొకటీ ఇప్పుడొకటీ వస్తూనే ఉంటాయి.

"బావూ, ఇది మా తాతకి రాజావారు ఇచ్చింది. లక్షన్నరకి అడుగుతున్నారు. ఇచ్చెయ్యమంటావా, ఇంకా ఆగమంటావా?"

ఎవరడుగుతున్నారంటే, అల్లుడికి తెలిసినాయన, ఫోన్‌లోనట. ఆ ఫోన్ సంగతి చివర్లో చెప్తాను. అరగంట చూశాక తేలిందేమిటంటే, అది నకలు. ముచ్చటైన నకలే గానీ లక్షన్నరది కాదు. ఆ అరగంటలో ఏమేం చూశానో అదే వరసలో రాస్తున్నాను. మీ ఇంట్లోనూ అలాంటిది ఉంటే ఈ వరస తప్పకండి. చాలామంది "ఎంతొస్తుంది?" దగ్గర మొదలుపెడతారు. అది ఏమిటో తేలకుండా ఎంతో తేలదు.

ముందుగా, లోపల మందు ఉందా?

నకలు అని మీకు నమ్మకం ఉన్నా సరే, ఈ పని ముందు చేయండి. మూతి నుంచి మందు దట్టించే తుపాకుల్లో వందేళ్ల కిందటి మందు కూడా తడి తగలకపోతే అలాగే ఉంటుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. తాత దట్టించి పెట్టింది మనవడి చేతిలో పేలిందంటే అందులో వింతేమీ లేదు.

గొట్టం మూతిని మనుషులు లేని వైపు తిప్పి బల్ల మీద పడుకోబెట్టండి. హ్యామర్ ఎత్తకండి, ట్రిగ్గర్ ముట్టుకోకండి, మూతికి ఎదురుగా నిలబడకండి. సన్నటి వెదురు పుల్లో చెక్క పుల్లో తీసుకుని, పక్కనుంచి గొట్టంలోకి మెల్లగా జారవిడవండి. ఇనుప కడ్డీ వద్దు. పుల్ల ఆగినచోట, మూతి దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. పుల్లను బయటికి తీసి, గీత మూతికి సరిపోయేలా గొట్టం పక్కన ఆనించి చూడండి. పుల్ల కొస ఇంచుమించు హ్యామర్ పడే చోటుదాకా రావాలి. మూడు నాలుగు వేళ్ల వెడల్పు తక్కువగా ఆగిందంటే లోపల ఏదో ఉంది. కందిరీగల గూడు కావచ్చు, మందూ గుండూ కావచ్చు. ఏదో తేల్చడం మీ పని కాదు, నా పనీ కాదు. పొడవకండి, వేడి చేయకండి, డ్రిల్ పెట్టకండి. అక్కడే వదిలేసి పోలీస్ స్టేషన్‌కి చెప్పండి.

పెద్దాయన తుపాకీలో పుల్ల చివరిదాకా వెళ్లింది.

పేలుతుందా, పేలదా?

మన దేశంలో ధర రెండు దారులుగా చీలేది ఇక్కడే. నకలు కదా, బొమ్మే కదా అనుకోకండి. నిన్న తయారైన నకలైనా మందుపెట్టి పేల్చగలిగితే చట్టం దృష్టిలో అది తుపాకీయే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం దానికి లైసెన్స్ ఉండాలి. అదే చట్టంలో సెక్షన్ 45(సి) ఒక మినహాయింపు ఇస్తుంది: కాలం చెల్లిన రకమో, పురాతన విలువ ఉన్నదో, పాడైపోయినదో అయి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదైతే ఆ చట్టం వర్తించదు. "మరమ్మతు చేసినా" అన్నమాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. స్ప్రింగ్ విరిగింది కాబట్టి పేలదు అంటే కుదరదు. స్ప్రింగ్ మార్చితే పేలుతుంది కదా.

చూసే పద్ధతి తేలికే. ముందు అయస్కాంతం. గొట్టానికి అంటుకోకపోతే అది చాలావరకు జింకు మిశ్రమంతో పోతపోసిన అలంకరణ వస్తువు, స్పెయిన్‌లో డెనిక్స్ కంపెనీ చేసేలాంటిది. అంటుకుంటే ఉక్కో ఇనుమో. తర్వాత టార్చి వేసి హ్యామర్ కింద చూడండి. హ్యామర్ దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న రేకు టోపీ పెట్టే మొటిమలో రంధ్రం ఉందా, మూసుకుని ఉందా? మన దేశంలో తయారై బయటి దేశాలకు పోయే నకళ్లలో కొన్నింటికి గొట్టం నిజమైన ఉక్కుదే ఉంటుంది, నిప్పు లోపలికి వెళ్లే రంధ్రం మాత్రం వేయరు. పెద్దాయనది అలాంటిదే.

ఇక్కడ కొందరు ఒక తెలివి చూపిస్తారు: "రంధ్రం వేయించేస్తే ధర పెరుగుతుంది కదా?" బొమ్మ తుపాకీని లైసెన్స్ లేకుండా పేలే తుపాకీగా మార్చడం సెక్షన్ 6 కింద నేరం. కోరాపుట్, రాయగడ, గజపతి ఏజెన్సీ వైపు నాటు తుపాకీ అంటే పోలీసులు ఎలా చూస్తారో మీకు నేను చెప్పాలా?

పేలేదే అయితే ఇంట్లో లైసెన్స్ పుస్తకం వెతకండి. పంట కాపలా కోసం మందు తుపాకీకి లైసెన్స్ ఇచ్చే పద్ధతి చట్టంలోనే ఉంది, మన పల్లెల్లో అలాంటి పాత పుస్తకాలు ఇంకా బయటపడుతుంటాయి. లైసెన్స్ ఉన్న మనిషి పోయినా, గడువు తీరినా, ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్లోనో లైసెన్స్ ఉన్న ఆయుధాల దుకాణంలోనో అప్పగించి రసీదు తీసుకోవాలి. ధర మాట ఆ తర్వాతే. దాన్ని కొనగలిగేది లైసెన్స్ ఉన్నవాడే కనుక ధర కూడా ఆ ఆయుధాల దుకాణం వాడే కట్టాలి. నేను అలాంటిదాన్ని బల్ల మీదే పెట్టనివ్వను.

అసలా, నకలా?

ఇళ్లలో ఎక్కువగా కనబడే రకాలు మూడు: చెకుముకి రాయి తుపాకీ, 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్, కింద లివర్ ఉండే మార్టినీ హెన్రీ. పెద్దాయనది ఎన్‌ఫీల్డ్ రూపం కనుక దాని కొలతలే చెప్తాను. అసలుది మొత్తం పొడవు 55 అంగుళాలు, గొట్టం 39 అంగుళాలు, గొట్టాన్ని చెక్కకు బిగించే పట్టీలు మూడు, బరువు నాలుగుంపావు కిలోలకు కాస్త అటూ ఇటూ, రంధ్రం 0.577 అంగుళాలు, లోపల మెలితిరిగిన గాళ్లు మూడు. రెండు పట్టీల పొట్టి రకానికి గొట్టం 33 అంగుళాలు. కొలత కుదిరినంత మాత్రాన అసలుదని కాదు, మంచి నకలు చేసేవాడు కొలత చూసే చేస్తాడు. కొలత బాగా తేడా వస్తే మాత్రం అసలుది కాదని సగం తేలినట్టే.

లోపల గాళ్లు లేవని వెంటనే నకిలీ అని కొట్టిపారేయకండి. 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్లు ఇక్కడి సిపాయిలకు గురి బాగా కుదిరే రైఫిల్ ఇవ్వడానికి జంకారు. పైకి అచ్చం ఎన్‌ఫీల్డ్‌లాగే ఉండి, లోపల నున్నగా, 0.656 అంగుళాల రంధ్రంతో ఉండే రకాన్ని వాళ్ల కోసం చేయించారు. అది అసలైన పాత తుపాకీయే, కాకపోతే రైఫిల్ కాదు.

తర్వాత ముద్రలు చదవండి. ఇక్కడ నా సొంత తెలివితక్కువ ఒకటి ఒప్పుకుంటాను. ఈ పనిలో కొత్తలో, ఒక పాత సామాన్ల అంగట్లో మార్టినీ రూపంలో ఉన్న అలంకరణ తుపాకీని పాతదనే నమ్మి కొన్నాను. కుడి పక్క ఇనుము మీద కిరీటం, దాని కింద రాణిగారి వీఆర్ ముద్ర, కింద 1907. ఇంటికి తెచ్చి, నూనె గుడ్డతో తుడిచి, గోడకు పెట్టి మురిసిపోయాను. నాలుగు రోజులకు మా అమ్మాయి చరిత్ర పుస్తకం చదువుతుంటే అప్పుడు తట్టింది. విక్టోరియా రాణి పోయింది 1901 జనవరిలో. ఆవిడ పోయిన ఆరేళ్లకు ఆవిడ పేరుతో ముద్ర ఎవడు కొడతాడు? తిరిగి ఇవ్వడానికి వెళ్తే అంగడివాడు "గోడకి బాగుంటది అన్నా" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, దాన్ని ఇప్పటికీ తియ్యలేదు.

కైబర్ కనుమ వైపు చేతిపనివాళ్లు చేసిన పాత నకళ్లలో ఈ తప్పు మామూలే. ఇంగ్లీషు రాని చెయ్యి చెక్కింది కనుక ఎన్ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. అలాగే ఈస్టిండియా కంపెనీ సింహం పక్కన 1870 అని కనిపిస్తే నవ్వుకోండి, కంపెనీ పాలన 1858తోనే ముగిసింది. ఇక గొట్టం మీద వరుస నంబరు, "బ్లాక్ పౌడర్ ఓన్లీ" అన్న మాట, ఇటలీ పేరు కనిపిస్తే అది ఈ కాలపు పేలే నకలు. ఇటలీవాటికి పీఎన్ అన్న నల్లమందు పరీక్ష ముద్ర, పక్కన చిన్న గడిలో తయారైన సంవత్సరం సంకేతం ఉంటాయి. 1975 నుంచి ఆ సంకేతం రెండక్షరాలు, ఏఏతో మొదలు. కొన్నిసార్లు ఇవి గొట్టం అడుగున, చెక్క కప్పేసిన చోట ఉంటాయి. ఎవరో ఆకురాయితో అరగదీసి ఉంటే, గొట్టాన్ని ట్యూబ్‌లైట్ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. ట్యూబ్‌లైట్ నీడ గీతలా తిన్నగా పోవాల్సింది, అరిగినచోట వంకర తిరుగుతుంది.

ఇనుము అబద్ధం చెప్పినా చెక్క చెప్పదు. ఇది నా బడాయి కాదు, ముప్పై ఏళ్ల చేతి అనుభవం. పెద్దాయన అనుమతితో హ్యామర్ ఉన్న పక్క రేకు విప్పాను. రేకు కూర్చునే గుంత మూలలు గుండ్రంగా, అడుగు గాజులా చదునుగా ఉంది. చెక్క తొలిచే రూటర్ మిషన్ తిరిగితే అలా వస్తుంది. ఉలితో తవ్విన పాత గుంతలో మూలలు పదునుగా ఉంటాయి, అడుగున చిన్న చిన్న ఉలి దెబ్బలు మెట్లలా కనబడతాయి, వందేళ్ల నూనె ఇంకి చెక్క నల్లగా, మెత్తగా అయిపోయి ఉంటుంది. ఇక్కడ చెక్క పైన ముదురు రంగు, లోపల కొత్త సిసూ కర్ర ఎరుపు. ఇంగ్లీషువాళ్ల అసలు తుపాకులకు వాడింది అక్రోట్ కర్ర. మనవాళ్లు నకళ్లకు సిసూ, టేకు వాడతారు. పైన మెరుపు అవిసె నూనెదా, వార్నిష్‌దా అన్నది గోటితో గీకితే తెలుస్తుంది. వార్నిష్ పొరగా లేస్తుంది.

భుజానికి ఆనించే మడమ చివరి ఇత్తడి రేకు విప్పితే ఒక స్క్రూకి ప్లస్ గుర్తు తల. ఫిలిప్స్ స్క్రూ పేటెంట్లు 1936 నాటివి. అయితే ఒక్క స్క్రూతో తీర్పు చెప్పకూడదు, మధ్యలో ఎవరైనా బాగుచేసినప్పుడు పెట్టి ఉండొచ్చు. స్క్రూ, రూటర్ గుంత, సిసూ కర్ర, రంధ్రం లేని మొటిమ నాలుగూ ఒకే మాట చెబితే ఇక వాదన లేదు.

చేతికి అనుమానం తీరకపోతే ఒకసారి మ్యూజియంకి వెళ్లి అసలు తుపాకుల అక్షరాల లోతు, స్క్రూ గాళ్ల సన్నదనం చూసి రండి. హైదరాబాద్ సాలార్‌జంగ్‌లో ఆయుధాలకు గదే ఉంది. ఒకసారి అసలు చూసిన కన్ను తర్వాత తేలిగ్గా మోసపోదు.

కథకు కాగితం ఉందా?

"రాజావారు ఇచ్చారు" అన్న మాటకు ధర లేదు, దాన్ని నిలబెట్టే కాగితానికి ఉంది. పాత లైసెన్స్, ఎస్టేటు సామాన్ల జాబితా, తాత ఆ తుపాకీతోనే దిగిన ఫొటో, అదీ చెక్క మీది మచ్చ సరిపోయేంత స్పష్టంగా.

కాగితాన్నీ పరీక్షించండి. మన ప్రాంతంలో దీనికో సులువుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ. పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉండేది. జయపురం ఎస్టేటు, ఇప్పటి కోరాపుట్, రాయగడ వైపంతా విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. గజపతి, రాయగడ జిల్లాలు పుట్టిందే 1992 అక్టోబరు 2న. ఒకాయన 1931 తేదీతో, టీ నీళ్లలో ముంచి పండబెట్టిన దానపత్రం చూపించాడు. పైన చక్కటి చేతిరాతలో "గజపతి జిల్లా" అని ఉంది. అరవై ఏళ్ల ముందే జిల్లా ఏర్పాటు చేసేశాడు మహానుభావుడు.

ఇప్పుడు ధర

నకలుకు వయసు వల్ల ధర పెరగదు. ఎవరు చేశారు, ఎంత బాగా చేశారు, ఏమేం పోయాయి, అలాంటిదే కొత్తది ఎంతకు దొరుకుతోంది, ఇవే లెక్క. ఒకటి రెండు మినహాయింపులున్నాయి. బర్మింగ్‌హామ్‌లో పార్కర్ హేల్ కంపెనీ పాత కొలత పరికరాలు పెట్టి చేసిన ఎన్‌ఫీల్డ్ నకళ్లను బయటిదేశాల సేకర్తలు ప్రత్యేకంగా వెతుక్కుంటారు. 1957లో మొదలైన ఇటలీ పెడెర్సోలీ పనికీ మంచి పేరుంది. కానీ అవి పేలేవి. మన దగ్గర లైసెన్స్ ఉన్నవాళ్ల మధ్యే తిరగాలి, కాబట్టి అక్కడి డాలర్ల ధరను రూపాయల్లోకి మార్చి మురిసిపోతే లాభం లేదు.

పేలని నకలుకు నేను కట్టే లెక్క ఇది. అంకెలు లెక్క అర్థమవడానికే, మీరు మీ బజారు ధరలు వేసుకోండి. అదే రకం, అదే నాణ్యతలో కొత్తది 12,000 రూపాయలు అనుకుందాం. వాడినది, ఇంటి గోడ మీది పొగ తిన్నది కనుక నేను అరవై శాతమే వేస్తాను: 7,200. మందు దట్టించే గజం పోయింది, కొత్తది చేయించడానికి 800. మడమకు ముందు, చెయ్యి పట్టుకునే సన్నటి మెడ దగ్గర చెక్క బీటవారింది, అతికించి రంగు కలపడానికి 1,500. మిగిలింది 4,900. ఇది మీరు నేరుగా వాడుకునేవాడికి అమ్మితే వచ్చే ధర. అంగడివాడికి ఇస్తే తన లాభం తీసుకుని మూడున్నర వేల దగ్గర ఆగుతాడు. అతను మోసగాడు కాదు, అద్దె కట్టాలి కదా. ఇల్లు కాలితే బీమావాడిని అడగాల్సింది మాత్రం కొత్తదాని ధర. అంటే ఒకే వస్తువుకు మూడు ధరలు, మీరు ఏ పని మీద అడుగుతున్నారో దాన్నిబట్టి.

ఇంటర్నెట్‌లో చూసేటప్పుడు అమ్మకానికి పెట్టిన ధర వదిలేయండి, అమ్ముడైన ధర చూడండి. ఎవడైనా ఏ అంకెనైనా రాసుకోవచ్చు, అలా రాసి ఏళ్ల తరబడి అమ్ముడుపోకుండా పడి ఉన్నవే ఎక్కువ కంటపడతాయి. మన దగ్గర నిజంగా కొనేవాళ్లెవరంటే హోటళ్లు, కాఫీ దుకాణాలు అలంకరించేవాళ్లు, నాటకాలవాళ్లు, కొత్తిల్లు కట్టుకున్నవాళ్లు. బరంపురంలో ఠాకురాణీ యాత్ర ఏడాది వేషాలకు అద్దెకు అడిగేవాళ్లూ వస్తారు. నేనైతే ఇవ్వను, విరక్కొట్టుకొస్తారు.

తోమకండి. ఇత్తడి తళతళలాడితే ధర పెరుగుతుందనుకుని ఇనుప బ్రష్షు, ఉప్పు కాగితం పట్టిస్తారు. ముద్రల అంచులు పోతాయి, ఎవరు చేశారో చెప్పే ఆధారమే పోతుంది. మెత్తటి గుడ్డ, రెండు చుక్కల పల్చటి నూనె చాలు.

అమ్మేటప్పుడు

రసీదులో "అలంకరణ నకలు, పేల్చడానికి పనికిరాదు" అని రాసి, మొటిమ దగ్గరి ఫొటో జత చేయండి. దాన్ని కారు డిక్కీలో వేసుకుని పాతపట్నం వైపు దాటేటప్పుడు ఆ కాగితం కూడా పైన పెట్టుకోండి. ఒకవేళ అసలుదే అయి వందేళ్లు దాటి ఉంటే, 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించడం కుదరదు. నకలును విదేశానికి పంపాలన్నా, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ దగ్గర ధ్రువపత్రం తీసుకుంటే దారిలో ఆగదు.

ఇక ఆ ఫోన్ సంగతి. లక్షన్నర ఇస్తానన్నాయన, తుపాకీని కళ్లతో చూడకుండానే, "పురాతన వస్తువు సర్టిఫికెట్ ఖర్చు" కింద ముందు ఎనిమిది వేలు పంపమన్నాడట. కొనేవాడు అమ్మేవాడి దగ్గర డబ్బు అడగడం ఏ సంతలోనైనా చూశామా? పెద్దాయన ఇంకా పంపలేదు, నెలాఖరు పింఛను కోసం ఆగారు. అంతే అదృష్టం.

లెక్కంతా చెప్పాక ఆయన కాసేపు తుపాకీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత మళ్లీ దుప్పటి చుట్టారు. "అయితే రాజావారు ఇచ్చింది కాదంటావ్."

"కాదండీ."

"మా నాన్నే ఎక్కడో కొనుంటాడు, గొప్పకి చెప్పుంటాడు," అని నవ్వారు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "ఆ పోయిన గజం ఒకటి చేసి పెట్టు బావూ, వచ్చే నెల వస్తాను" అన్నారు. ఇనుముది వద్దు, సిసూ కర్రదే చాలన్నారు. 39 అంగుళాలు కొలిచి పెట్టుకున్నాను.